చంటిపిల్లలకు రాత్రి మంచి నిద్ర: పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల దాకా ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినవి

బిడ్డ రాత్రి పడుకోవడం లేదంటే ఇంట్లో తలా ఒక మాట చెప్తారు. దాదీ నజర్ తగిలిందంటుంది. పక్కింటి ఖాలా తల్లికి పాలు చాలడం లేదంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఒక సిరప్ సీసా చేతిలో పెడతారు. ఈ మాటల మధ్య తల్లి మాత్రం రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతూనే ఉంటుంది.

నిజానికి చంటిపిల్లలు రాత్రి మేలుకోవడంలో ఎక్కువ భాగం జబ్బు కాదు, ఆ వయసుకు సహజంగా జరిగేదే. కొంత భాగం ఇంటి అలవాట్ల వల్ల వస్తుంది, దాన్ని మార్చుకోవచ్చు. ఇంకొంత మాత్రం డాక్టరుకు చూపించాల్సింది. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపడితే సగం బెంగ తీరుతుంది.

ఏ వయసుకు ఎంత నిద్ర

అయిదేళ్ల లోపు పిల్లల నిద్ర గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు ఇచ్చింది. పగటి నిద్ర, రాత్రి నిద్ర రెండూ కలిపి లెక్క ఇలా ఉంటుంది:

- పుట్టినప్పటి నుంచి 3 నెలల వరకు: 14 నుంచి 17 గంటలు
- 4 నుంచి 11 నెలలు: 12 నుంచి 16 గంటలు
- 1 నుంచి 2 ఏళ్లు: 11 నుంచి 14 గంటలు
- 3 నుంచి 4 ఏళ్లు: 10 నుంచి 13 గంటలు

ఒక బిడ్డకూ ఇంకో బిడ్డకూ తేడా ఉంటుంది. బిడ్డ బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, మెలకువగా ఉన్నప్పుడు హుషారుగా ఉంటే గంట అటూ ఇటూ అయినా కంగారు పడనక్కర్లేదు.

పసిబిడ్డ మాటిమాటికీ ఎందుకు లేస్తుంది

అప్పుడే పుట్టిన బిడ్డకు పగలు, రాత్రి తేడా తెలియదు. చీకటి పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో ఒక పద్ధతిలో తయారవడం రెండు, మూడు నెలల వయసులో మొదలవుతుంది. అంతవరకు నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. పొట్ట కూడా చాలా చిన్నది. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు కావాలి, అందులో కొన్ని రాత్రి పడతాయి. రాత్రి రెండు మూడు సార్లు లేచినంత మాత్రాన తల్లికి పాలు లేవని అర్థం కాదు.

ఇంకో సంగతి. పెద్దవాళ్ల నిద్ర సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. పసిపిల్లలకు ఆ చుట్టు 50, 60 నిమిషాలే. ప్రతి చుట్టు చివర బిడ్డ కొంచెం కదులుతుంది, మూలుగుతుంది, కళ్లు తెరుస్తుంది. నిద్రలో నవ్వుతుంది, మూతి ముడుస్తుంది. వెంటనే ఎత్తుకుంటే పూర్తిగా లేచిపోతుంది. ఒక నిమిషం ఆగి చూస్తే చాలాసార్లు తనే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది.

మొదటి మూడు నెలలు: పగలు, రాత్రి తేడా చూపించడం

ఈ వయసులో బిడ్డకు ఏ అలవాటూ నేర్పలేం. కానీ పగలంటే ఏమిటో, రాత్రంటే ఏమిటో చూపించవచ్చు. పొద్దున తెల్లవారాక కిటికీ తెరవాలి, బిడ్డను వెలుతురులోకి తీసుకురావాలి. పగలు నిద్రపోతోందని ఇల్లంతా గుసగుసలాడక్కర్లేదు. గిన్నెల చప్పుడు, అన్నాదమ్ముల ఆటలు మామూలుగానే ఉండొచ్చు.

రాత్రి మాత్రం దీనికి తిరగబడాలి. పాలు పట్టేటప్పుడు ట్యూబ్‌లైటు వేయకుండా చిన్న జీరో బల్బు చాలు. మాట్లాడటం, ఆడించడం వద్దు. డైపరు లేదా గుడ్డ మార్చాల్సి వస్తే ముందే దగ్గర పెట్టుకుని, పాల కంటే ముందు మార్చితే పాలు తాగుతూ మళ్లీ పడుకుంటుంది.

పడుకోబెట్టే చోటు: ఇక్కడ పొరపాటు చేయకూడదు

నిద్రలోనే పసిబిడ్డ ఊపిరి ఆగిపోయే ప్రమాదం మొదటి ఏడాదిలో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో ఉంటుంది. అమెరికాలో 1994లో బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక ఇలాంటి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అందుకే పిల్లల డాక్టర్లందరూ చెప్పే మాటలు ఇవి:

- ఏడాది నిండేదాకా ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకూ వద్దు. తనంతట తాను అటూ ఇటూ బోర్లపడటం వచ్చాక మళ్లీ తిప్పనక్కర్లేదు.
- పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. మెత్తటి బొంత, దూది పరుపు, సోఫా ప్రమాదం.
- తల కింద దిండు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. దాని బదులు, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని రోజూ కాసేపు బోర్లా వేసి ఆడిస్తే తల ఆకారం బాగుంటుంది, మెడ కూడా గట్టిపడుతుంది.
- ముఖం మీద పడే దుప్పటి, బొమ్మలు, మెత్తలు పక్కలో ఉండకూడదు.
- మెడలో తావీజు, నల్లదారం, గొలుసు ఉంటే పడుకోబెట్టే ముందు తీసేయాలి. నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది.
- బిడ్డ తల్లి ఉన్న గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవడం మేలు. కనీసం ఆరు నెలలు ఇలా ఉంచాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లో కూడా చెప్పింది.

మన ఇళ్లలో తల్లి పక్కనే బిడ్డ పడుకోవడం మామూలు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయితే ఒకే పక్క మీద పడుకోవద్దు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లున్నా, పెద్దవాళ్లు మత్తు వచ్చే మందులు వాడుతున్నా వద్దు. గది చిన్నదై వేరే మంచం పెట్టే వీలు లేకపోతే, నేల మీద పలచటి గట్టి పరుపు వేసి, తల్లి పరుపును ఆనించి బిడ్డకు విడిగా ఇంకోటి వేయవచ్చు. బిడ్డకు ఒక పక్క తల్లి మాత్రమే ఉండాలి. మధ్యలో పెద్ద పిల్లల్ని పడుకోబెట్టకూడదు.

చీర జూలా సంగతి

చీరతో కట్టిన జూలాలో బిడ్డ చప్పున నిద్రపోతుంది. కానీ గుడ్డ వంగి ఉండటం వల్ల పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఇబ్బంది కావొచ్చు. కూర్చోవడం, దొర్లడం వచ్చిన బిడ్డ కింద పడిపోవచ్చు. పెద్ద పిల్లలు అందులో ఎక్కి గిరగిరా తిరుగుతూ ఆడితే చీర మెడకు చుట్టుకుంటుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. జూలా వాడితే పగటిపూట, పెద్దవాళ్ల కళ్ల ముందే వాడాలి. నిద్రపోయాక తీసి సమంగా ఉన్న పక్క మీద వేయాలి. వాడనప్పుడు చీర ముడి విప్పేయాలి.

వేడి, పొగ, దోమలు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కూడా బిడ్డకు టోపీ, సాక్సులు, స్వెట్టరు వేసి పడుకోబెట్టే వాళ్లున్నారు. ఒళ్లు వేడెక్కితే నిద్ర పట్టదు, అది ప్రమాదం కూడా. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం మామూలే. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. చెమట పట్టి ఉంటే ఒక బట్ట తీసేయాలి. ఇంట్లో టోపీ అక్కర్లేదు. కూలరు గాలి నేరుగా ముఖానికి తగలకుండా పెట్టుకోవాలి.

స్నానం తర్వాత లోబాన్ పొగ పట్టడం, రాత్రంతా దోమల చక్రం వెలిగించడం బిడ్డ ఊపిరితిత్తులకు మంచివి కావు. దోమతెర అన్నిటికన్నా మేలు.

నాలుగో నెల నుంచి: మగ్రిబ్, ఇషాల మధ్య ఒక వరస

మూడు, నాలుగు నెలలు దాటాక బిడ్డ ఒంట్లోని గడియారం పనిచేయడం మొదలవుతుంది. ఇక్కడి నుంచి రోజూ ఒకే పని, ఒకే వరసలో చేయడం చాలా ఉపయోగం. ముస్లిం ఇళ్లలో రోజుకు ముందే ఒక పద్ధతి ఉంది, నమాజు వేళలే ఆ పద్ధతి. హైదరాబాద్ ప్రాంతంలో మగ్రిబ్ వేళ చలికాలంలో 5:40 చుట్టుపక్కల, వేసవిలో 6:50 దాటాక వస్తుంది. దానికి గంటా పావు తర్వాత ఇషా. పిల్లల్ని పడుకోబెట్టే పని ఈ వేళల చుట్టూ పెట్టుకుంటే ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

చీకటి పడే వేళ పిల్లల్ని లోపల ఉంచమనీ, పడుకునే ముందు దీపాలు ఆర్పమనీ హదీసుల్లో ఉంది. ఒక రాత్రి ఇషా నమాజు ఆలస్యమైతే, ఆడవాళ్లూ పిల్లలూ నిద్రపోయారని హజ్రత్ ఉమర్ (రజి) ప్రవక్త (స) గారికి గుర్తుచేసిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. పిల్లలు పెందలాడే పడుకోవడం కొత్తగా వచ్చిన పద్ధతి కాదన్నమాట.

వరస ఇలా ఉండొచ్చు:

- మగ్రిబ్ అయ్యాక టీవీ, ఫోను ఆపేయడం, ఇంట్లో లైట్లు తగ్గించడం
- ఆరు నెలలు దాటిన బిడ్డకు అన్నం లేదా ఖిచిడీ
- గోరువెచ్చని నీళ్లతో స్నానం, లేదా తడి గుడ్డతో తుడవడం
- వదులుగా ఉన్న నూలు బట్టలు
- పాలు
- లోరీ, లేదా ఆయతుల్ కుర్సీ, చివరి మూడు సూరాలు మెల్లగా చదవడం
- పక్క మీద వేసి, లైటు తీసేయడం

మొత్తం 30, 40 నిమిషాలు చాలు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది మారకూడదు. రెండు వారాల్లో బిడ్డకు అర్థమవుతుంది. చివరి సూరా వినగానే కళ్లు బరువెక్కుతాయి. పాలు ఇచ్చేది తల్లే అయినా మిగిలినవి అబ్బా, దాదీ, ఫూఫీ ఎవరైనా చేయవచ్చు. తల్లి ఒక్కతే చేస్తే తల్లి లేనప్పుడు బిడ్డ పడుకోదు.

ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట సూటిగా ఉంది. ఏడాది లోపు అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య రోజుకు గంటకు మించకూడదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. నిద్రకు ముందు కార్టూన్లు పెట్టి పడుకోబెట్టే అలవాటు మొదట సులువనిపిస్తుంది, తర్వాత మానిపించడమే కష్టం.

తనంతట తాను నిద్రపోవడం నేర్పడం

బిడ్డ పాలు తాగుతూనో, భుజం మీద ఊగుతూనో రోజూ నిద్రపోతే, అర్ధరాత్రి మేలుకున్నప్పుడు కూడా అదే కావాలంటుంది. దానికి అదే నిద్ర గుర్తు. అందుకే బిడ్డకు మగత వచ్చినప్పుడు, పూర్తిగా నిద్రపోక ముందే పక్క మీద వేయడం అలవాటు చేయాలి. ఏడిస్తే ఛాతీ మీద చెయ్యి వేసి జోకొట్టాలి. తగ్గకపోతే ఎత్తుకుని ఊరుకోబెట్టి మళ్లీ వేయాలి. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగా ఉంటుంది.

ఆరు నెలలు దాటి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇంకో పద్ధతి ఉంది. ఏడ్చినప్పుడు రెండు నిమిషాలు ఆగి వెళ్లి ఓదార్చాలి. తర్వాత నాలుగు నిమిషాలు, ఆ తర్వాత ఇంకొంచెం ఆగి వెళ్లాలి. ఆస్ట్రేలియాలో ఇలాంటి పద్ధతులు నేర్పిన కుటుంబాల పిల్లల్ని ఆరేళ్ల వయసు వరకు గమనించారు. 2012లో అచ్చయిన ఆ అధ్యయనంలో పిల్లల మనసుకు గానీ, తల్లితో ప్రేమకు గానీ నష్టమేమీ కనపడలేదు. అయితే ఉమ్మడి కుటుంబంలో బిడ్డ ఏడుపు వినపడితే నలుగురూ పరుగెత్తుకొస్తారు. సగంలో వదిలేస్తే బిడ్డకు ఇంకా ఎక్కువ ఏడవాలని నేర్పినట్టవుతుంది. ఇంటివాళ్లంతా ముందే మాట్లాడుకుని ఒప్పుకుంటేనే ఇది చేయాలి. లేదంటే తల్లి మంచం పక్కన కూర్చుని, రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం దూరం జరిగే నెమ్మది పద్ధతి మన ఇళ్లకు బాగా సరిపోతుంది.

ఆరు నెలల తర్వాత కూడా తల్లిపాలు తాగే బిడ్డ రాత్రి ఒకటి రెండుసార్లు లేవొచ్చు, అది తప్పు కాదు. సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మాత్రం వద్దు. పళ్లు పుచ్చిపోతాయి.

అబ్బా గల్ఫ్‌లో ఉంటే

రియాద్, జెద్దా, కువైట్, దోహా సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. రియాద్‌లో పని ముగించి, ఇషా చదివి, తొమ్మిదికి అబ్బా వీడియో కాల్ చేస్తే ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఆ మాట కోసం బిడ్డను మేలుకొలిపి ఉంచడం, లేదా నిద్రలోంచి లేపడం ఎన్నో ఇళ్లలో జరుగుతుంది. దూరంగా ఉన్న తండ్రికి బిడ్డ ముఖం చూడాలని ఉండటం సహజం. దానికి వేళ మార్చుకుంటే చాలు. అక్కడ మధ్యాహ్నం భోజనం వేళ పన్నెండున్నరకు చేస్తే ఇక్కడ మూడు గంటలు. సాయంత్రం నాలుగున్నరకు చేస్తే ఇక్కడ ఏడు. శుక్రవారం సెలవైతే పొద్దున తొమ్మిదికి చేస్తే ఇక్కడ పదకొండున్నర. రాత్రి వరసలో కూడా అబ్బాకు చోటివ్వవచ్చు. ఆయన లోరీ గానీ, సూరా గానీ చదివి వాయిస్ మెసేజ్ పంపితే, ఫోను బోర్లా పెట్టి రోజూ అది వినిపించవచ్చు.

రమజాన్ నెలలో

తరావీహ్, సహరీల వల్ల రమజాన్‌లో ఇంటి నిద్రంతా మారిపోతుంది. చివరి పది రోజుల్లో చార్మినార్, పత్తర్‌గట్టీ బజార్లలో అర్ధరాత్రి దాటాక కూడా చంటిపిల్లల్ని చంకనేసుకుని కొనుగోళ్లు చేసేవాళ్లు కనిపిస్తారు. పిల్లలకు రోజా లేదు కాబట్టి వాళ్ల వేళలు మార్చనక్కర్లేదు. ఇఫ్తార్ అయిన వెంటనే బిడ్డను పడుకోబెట్టే పని మొదలుపెట్టాలి. సహరీ వంట శబ్దం, వెలుతురు పడని గదిలో పడుకోబెడితే మంచిది. బజారు పని పగటి పూటో, పిల్లల్ని దాదీ దగ్గర వదిలో పెట్టుకోవాలి. పండుగ తర్వాత వేళ జరిగిపోయి ఉంటే, రెండు రోజులకు పదిహేను నిమిషాల చొప్పున ముందుకు తేవాలి, పొద్దున మాత్రం ఒకే వేళకు లేపాలి.

పాలిచ్చే తల్లికి తన ఆరోగ్యం గురించో, బిడ్డ గురించో భయముంటే రోజా వదిలి తర్వాత తీర్చుకునే వెసులుబాటు ఉంది. పాలు తగ్గితే రాత్రి బిడ్డ ఎక్కువ లేస్తుంది కాబట్టి ఈ విషయం ఆలిమ్‌ను, డాక్టరును ఇద్దరినీ అడగడం మంచిది.

ఏడాది నుంచి అయిదేళ్ల వరకు

ఎనిమిది, పది నెలల వయసులో, మళ్లీ ఏడాదిన్నర దగ్గర పిల్లలు తల్లిని ఒక్క క్షణం వదలరు. రాత్రి లేచి వెతుక్కుంటారు. ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఏడాదిన్నరకు పగటి నిద్ర ఒక్కసారికి వస్తుంది. మూడు నుంచి అయిదేళ్ల మధ్య అది కూడా మానేస్తారు. సాయంత్రం నాలుగు తర్వాత పడుకుంటే రాత్రి పదింటి దాకా ఆటలే. రాత్రి త్వరగా పడుకోవడం లేదంటే ముందు పగటి నిద్ర వేళ చూడాలి. చాయ్ తాగే అలవాటుంటే మానిపించాలి.

పీడకలకూ, నిద్రలో కేకలకూ తేడా ఉంది. పీడకల తెల్లవారుజాము వైపు వస్తుంది. పిల్లవాడు లేచి ఏడుస్తాడు, కల చెప్తాడు, దగ్గరకు తీసుకుంటే ఊరుకుంటాడు. నిద్రలో కేకలు అలా కాదు. పడుకున్న ఒకటి రెండు గంటలకే పిల్లవాడు హఠాత్తుగా లేచి కూర్చుని అరుస్తాడు. కళ్లు తెరిచే ఉంటాయి గానీ ఎవరినీ గుర్తుపట్టడు, చెమటలు పడతాయి. కొద్ది నిమిషాల్లో మళ్లీ పడుకుంటాడు, పొద్దున ఏమీ గుర్తుండదు. చూసేవాళ్లు దడుసుకుని అసర్ అనుకుంటారు. ఇది గాఢనిద్ర నుంచి మెదడు సగం మేలుకోవడం వల్ల వస్తుంది. నిద్ర తక్కువైనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఎక్కువ. కుదిపి లేపకూడదు, దెబ్బ తగలకుండా పక్కన ఉంటే చాలు. దువా చదవడంలో తప్పు లేదు. పొగలు వేయడం, కొట్టడం లాంటివి చేసేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లకూడదు. ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు కాళ్లు కొట్టుకోవడం, నోట నురుగు ఉంటే అది ఫిట్స్ కావొచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర కోసం ఇవ్వకూడనివి

- జలుబు, అలర్జీ సిరప్‌లు. మగత వస్తుందని ఇవ్వడం ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదనీ, ఆ హెచ్చరిక సీసా మీద ముద్రించాలనీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.
- నల్లమందు, అది కలిసిన ఘుట్టీ. ఊపిరి ఆగిపోవచ్చు.
- ఏడాది లోపు తేనె. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావొచ్చు. తహ్నీక్ చేయాలనుకునేవాళ్లు తేనె వాడకూడదు. ఖర్జూరంతో చేసినా శుభ్రమైన చేత్తో, అంగిలికి తగిలీ తగలనట్టు రాయడమే, ముక్క నోట్లో పెట్టకూడదు.
- ఆరు నెలల లోపు గ్రైప్‌వాటర్, నీళ్లు, గంజి, పాలలో కలిపిన బిస్కెట్. తల్లిపాలు మాత్రమే చాలు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉన్నా, పాలు తాగకపోయినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఊపిరి ఎగబీలుస్తున్నా, ఏడుపు ఎంతకీ ఆగకపోయినా ఆ రాత్రే వెళ్లాలి. 108కి ఫోన్ చేయవచ్చు.

రోజూ గురక పెట్టడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం ముక్కు వెనక గ్రంథులు, టాన్సిల్స్ వాపు వల్ల కావొచ్చు. రాత్రంతా కాళ్లు కదుపుతూ దొర్లే పిల్లలకు రక్తహీనత ఉందేమో చూపించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒక చిన్న రక్త పరీక్షతో తెలుస్తుంది.

తల్లి నిద్ర కూడా లెక్కలోకి రావాలి

బిడ్డ ఏడుపు వినపడితే, తల్లి మనసు తల్లడిల్లుతుందని ప్రవక్త (స) నమాజును కుదించేవారని హదీసు చెప్తుంది. తల్లి బాధను అంతగా పట్టించుకోవడం ఇంటివాళ్లకు ఆదర్శం. వారాల తరబడి నిద్ర లేని తల్లికి పాలు తగ్గుతాయి, కోపం, ఏడుపు పెరుగుతాయి. రాత్రి ఒక విడత బిడ్డను తండ్రి చూసుకోవడం, ఫజ్ర్ తర్వాత దాదీ రెండు గంటలు తీసుకుని తల్లిని పడుకోనివ్వడం, పగలు బిడ్డ పడుకున్నప్పుడు కోడలికి వంటపని అప్పజెప్పకపోవడం వల్ల పెద్ద తేడా వస్తుంది.

బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, తనకో బిడ్డకో హాని చేసుకోవాలనే ఆలోచన రావడం ప్రసవం తర్వాత వచ్చే మానసిక సమస్య. అది ఈమాన్ తక్కువ కావడం కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో, ఉర్దూలో మాట్లాడవచ్చు. హాని ఆలోచనలుంటే ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్నీ ఒకేసారి మార్చాలని చూస్తే ఏదీ నిలవదు. ఈ రాత్రి పక్కలోంచి దిండు తీసేసి బిడ్డను వెల్లకిలా వేయడంతో మొదలుపెట్టాలి. రేపటి నుంచి మగ్రిబ్ తర్వాత టీవీ ఆపాలి. రెండు వారాలు ఓపిక పడితే, ఇన్షా అల్లాహ్, బిడ్డతో పాటు ఇల్లంతా నిద్రపోతుంది.